నెలవంకపేటలో ఇద్దరూ మగపెళ్లివారే

నెలవంకపేట వివాహ నమోదు కార్యాలయం, చంద్రమండలం. రిజిస్ట్రారు గంటి మాణిక్యాంబ చెబుతూ ఉంటే యంత్రం రాసుకున్న దినచర్య.

సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర

ఆఫీసు తెరిచాను. గుమ్మంలో దుమ్ము ఊడ్చాను. చంద్రుడి దుమ్ము ఒక పట్టాన పోయే రకం కాదు. చీపురు తగలగానే లేచి మొహం ఎత్తుకి వస్తుంది, కింద పడడానికి తీరుబడిగా టైము తీసుకుంటుంది. ఊడ్చిందే మూడుసార్లు ఊడ్చి కూర్చునేసరికి గోడమీద తెర దానంతటదే వెలిగి కోర్టు తీర్పు చదవడం మొదలెట్టింది.

ముగ్గురు జడ్జీలు. ఇద్దరు ఔనన్నారు, ఒకాయన కాదన్నాడు. వివాహ చట్టంలో "వధువు, వరుడు" అని ఎక్కడున్నా ఇకమీదట "పెళ్లాడే ఇద్దరు" అని చదువుకోవాలట. ఆడపిల్లా ఆడపిల్లా చేసుకున్నా, మగపిల్లాడూ మగపిల్లాడూ చేసుకున్నా రిజిస్ట్రారు కాదనకూడదు. ఈ క్షణం నుంచే అమలు.

హమ్మయ్య అనుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని "చట్టం ఒప్పుకోదర్రా, నన్నేం చెయ్యమంటారు" అని ఎంతమందిని వెనక్కి పంపానో నాకు తెలుసు. పంపిన పూటల్లా అన్నం సయించేది కాదు.

"రిజిస్ట్రారు గారి భోజన విశేషాలు అధికారిక దినచర్యలో ఉండరాదు" అంటోంది యంత్రం. నోరు మూసుకుని రాసుకో నాయనా. నేను చెప్పింది రాయడానికే నిన్నిక్కడ పెట్టారు.

అదే రోజు, పదకొండు గంటలు

తీర్పు తడి ఆరకముందే మొదటి జంట వచ్చేసింది. మంజీర, సుభాషిణి. మంజీర ఊరికి గాలి తెచ్చే గొట్టాలు బాగుచేస్తుంది. సుభాషిణి అద్దాల తోటలో టమాటాలు పండిస్తుంది. ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, తెలియనట్టు ఉండడం కూడా ఊరందరికీ తెలుసు.

సుభాషిణి కుర్చీ అంచున కూర్చుని, "మేడమ్, నా పర్మిట్ ఈ శనివారంతో సరి" అంది.

పదకొండేళ్ల కిందట వాళ్ల పెద్దమ్మ దగ్గరికి పని పర్మిట్ మీద వచ్చిన పిల్ల. పర్మిట్ అయిపోతే భూమికి పోయే ఓడ ఎక్కాల్సిందే. ఇక్కడి శాశ్వత నివాసిని పెళ్లాడితే మాత్రం ఉండిపోవచ్చు. మంజీర ఇక్కడే పుట్టింది, శాశ్వత నివాసి. సుభాషిణిని కన్నకూతురిలా పెంచిన పెద్దమ్మ కూడా శాశ్వత నివాసే గానీ, చట్టం లెక్కలో పెద్దమ్మ చుట్టం కాదు.

"వెళ్లి మళ్లీ రావచ్చుగా" అని అడగలేదు నేను. ఇక్కడి తేలికలో పదకొండేళ్లు నడిచిన ఎముకలవి. ఒకసారి భూమికి దిగితే డాక్టర్లు మళ్లీ రాకెట్ ఎక్కనివ్వరు. వెళ్లడమంటే వెళ్లిపోవడమే. మంజీర ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. చేతి నిండా గ్రీజు.

పెళ్లికి మూడు రోజుల నోటీసు పెట్టాలి. ఇరవైమంది సాక్షులు కావాలి. అంతమంది పట్టే చోటు ఊళ్లో ఒక్కటే, పెళ్లి గుమ్మటం. "శుక్రవారం పెట్టించుకోండర్రా. అవధాని గారికి నేను చెబుతాను" అన్నాను. ఇద్దరూ లేచి నా కాళ్లకి దణ్ణం పెట్టబోయి, ఒకేసారి వంగి తలలు గుద్దుకున్నారు.

మంగళవారం

పొద్దున్నే పురాధ్యక్షుడు త్రివిక్రమరావు తెరమీద ప్రత్యక్షమయ్యాడు. వెనకాల అరటిచెట్టు బొమ్మ, మెళ్లో కండువా. సంప్రదాయం మంటగలిసిపోయిందట, కోర్టువాళ్లు ప్రజల్ని అడక్కుండా పెళ్లి అనే పవిత్రమైన మాటని పాడుచేశారట. తీర్పుని ఆపడానికి రేపే పురసభలో శాసనం పెడతాడట. ఇంకో ఇరవై రోజుల్లో ఎన్నికలున్నాయి. ఈ పెద్దమనిషి కిందటేడు తన రెండో కొడుకు పెళ్లిలో పెరుగు పుల్లగా ఉందని అలిగి, పీటలమీంచి పిల్లాణ్ణి లేపి తీసుకుపోయిన వెధవ.

"అధికారిక దినచర్యలో వెధవ అనే మాట వాడరాదు" అంది యంత్రం. సరే, సదరు వెధవ అని రాసుకో.

ప్రతిపక్ష నాయకుడూ వచ్చాడు. తీర్పుని స్వాగతిస్తున్నాడట, అయితే వ్యతిరేకించేవాళ్ల మనోభావాల్ని కూడా స్వాగతిస్తున్నాడట. గోడమీద పిల్లి అంటే ఏమిటో పిల్లలకి చూపించాలంటే ఈయన్ని చూపిస్తే చాలు.

మధ్యాహ్నం అవధాని గారు పంచాంగం పట్టుకొచ్చారు. పాపం ఆయన కష్టం ఆయనది. పంచాంగం చూస్తే చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూడాలి, మనమేమో చంద్రుడి నెత్తినే కూర్చున్నాం. పాతికేళ్ల కిందట ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. చంద్రబలం మాని భూబలం చూస్తారు. కిటికీలోంచి తొంగిచూసి, వేళ్లు లెక్కపెట్టి, "శుక్రవారం పదకొండూ పదికి భూమి దివ్యంగా ఉందమ్మా" అన్నారు.

"ఇద్దరూ ఆడపిల్లలేనండీ. మీకేం అభ్యంతరం లేదుగా?"

"నాకు అభ్యంతరమేమిటి? మొన్న అరటిచెట్టుకి పెళ్లి చేశాను. అదేమైనా అడిగిందా ఎదురుగా ఉన్నదెవరని?"

బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర

శాసనం నెగ్గింది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. పురసభ చేసిన ఏ శాసనమైనా నలభై ఎనిమిది గంటలు నోటీసు బోర్డుకి వేలాడితే గానీ అమల్లోకి రాదు. అంటే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేవరకు కోర్టు మాట చెల్లుతుంది. పన్నెండు దాటితే త్రివిక్రమరావు మాట చెల్లుతుంది. ముహూర్తం పదకొండూ పది. యాభై నిమిషాలున్నాయి, చాలు.

చాలు అనుకుని గాలి పూచీ పత్రం బయటికి తీశాను. తీశాక తెలిసింది, చాలవని.

మా ఊరు కొత్తలో ఒక పెళ్లికి నలభైమందిని పిలిస్తే ఎనభైమంది వచ్చారు. లోపల గాలేమో నలభైమందికే ఉంది. పప్పు వడ్డించేసరికి సగం పంక్తి కళ్లు తిరిగి విస్తళ్లలో పడింది. అప్పట్నుంచీ ఒక నిబంధన పెట్టారు. గుమ్మటం తలుపులు లోపల్నుంచే తెరుచుకుంటాయి. ఆతిథ్యం ఇచ్చే పక్షంవాళ్లొకరు, పెళ్లాడేవాళ్లు కాకుండా, ముందుగా లోపల కూర్చుని, తలుపు తీసి, "దయచేయండి" అని పిలిచి, తలలు లెక్కపెట్టుకుని, ఇంతమంది ఊపిరికి పూచీ నాది అని సంతకం పెట్టాలి. అది జరక్కపోతే పెళ్లి జరిగినట్టు కాదు.

తెలుగు పెళ్లిలో ఆతిథ్యం ఇచ్చేదెవరు? ఆడపెళ్లివారు. తలుపు తీసేది వాళ్లు, కాళ్లకి నీళ్లిచ్చేది వాళ్లు, కాఫీలు మోసేది వాళ్లు. మగపెళ్లివారు వచ్చి, కాఫీ చల్లారిపోయిందని చెప్పి, కూర్చుంటారు. కోర్టువారు అన్నిచోట్లా మాటలు మార్చారు గానీ దీని ఊసే మరిచిపోయారు. మగ జడ్జీలు కదా, వాళ్లెప్పుడు తీశారు తలుపు!

సాయంత్రం అమ్మాయిలిద్దర్నీ పిలిచి, "మీలో ఎవరివైపు వాళ్లు ఆడపెళ్లివారు?" అని అడిగాను. మొహమొహాలు చూసుకున్నారు.

"మా అమ్మని అడుగుతాను" అంది మంజీర.

"మా పెద్దమ్మ ఏమీ అనుకోదు మేడమ్, చాలా మంచిది" అంది సుభాషిణి.

గురువారం, ఉదయం

మంజీర తల్లి రాజ్యలక్ష్మి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాణిక్యాంబ గారూ, నాకు ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దదాని పెళ్లిలో మా వియ్యపురాలు మూడుసార్లు కాఫీ తిప్పిపంపింది. నాలుగోసారి నేనే తాగేశాను, ఏడుపాపుకోలేక. రెండోదాని పెళ్లిలో వాళ్ల తాతగారికి పరుపు మెత్తగా లేదని రాత్రంతా నన్ను నిలబెట్టారు. మూడోది మంజీర. అది ఆడపిల్లని చేసుకుంటానంటే మొదట ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత తీర్పు వచ్చింది. ఇద్దరూ సమానమే అన్నారు. అంటే, నేనూ మగపెళ్లివారు కావచ్చన్నమాట. ఈ జన్మలో ఒక్కసారి నేను పెళ్లికి వెళ్లి కూర్చోవాలి. ఎవరో వచ్చి నా కాళ్లకి నీళ్లివ్వాలి. అంతే. తలుపు నేను తియ్యను."

సరే, రెండోవైపువాళ్లని ఒప్పిద్దాం అనుకున్నాను.

గంట తిరక్కుండా సుభాషిణి పెద్దమ్మ కోటిరత్నం వచ్చింది. చాలా మంచిదని చెప్పారు కదా. మంచిదే.

"అమ్మా రిజిస్ట్రారు గారూ, ఇద్దరు కూతుళ్లకీ ఒక చెల్లెలికీ నా చేతులమీద పెళ్లిళ్లు చేశాను. మూడుసార్లు వంగిన నడుం ఇది. సుభాషిణి పెళ్లికి మాత్రం వంగదు. మేం మగపెళ్లివారం."

"రేపు పన్నెండు దాటితే మీ అమ్మాయి ఎల్లుండి ఓడెక్కాలి. తెలుసా?"

"తెలుసు. ఆ సంగతి రాజ్యలక్ష్మి వదినగారికీ తెలుసుగా. ఆవిడే తీస్తుంది" అంది కోటిరత్నం. పైట అంచు వేలికి చుట్టుకుంటోంది గానీ గడ్డం దించలేదు.

ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టడం నేను చేసిన తెలివితక్కువ పని.

"వదినగారూ, మీ పిల్ల టమాటాలు పండిస్తుంది. వంటింటి సరుకు. కాబట్టి మీరే ఆడపెళ్లివారు" అంది రాజ్యలక్ష్మి.

"అలాగా వదినగారూ! మీ పిల్ల ఆరేళ్లుగా మా పిల్ల చేసిన కూరలే తింటోంది. ఇల్లరికం వచ్చినా ఇంత దర్జా ఉండదు."

"ఇల్లరికపుటల్లుడైనా అల్లుడే కదా వదినగారూ! అంటే మేం మగపెళ్లివారమని మీరే ఒప్పుకున్నట్టు!"

చీటీలు వేద్దామన్నాను. "ఓడిపోతే?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. వారం మొత్తంలో వాళ్లిద్దరూ ఏకమైన మాట అదొక్కటే. నా పరిస్థితి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

గురువారం, సాయంత్రం

మూడో మనిషినెవర్నైనా ఆడపెళ్లివారి కింద లోపల కూర్చోబెడదామని ఊరంతా తిరిగాను. ఎవరూ దొరకలేదు. పొద్దున్న మా ఆఫీసులో జరిగిన గొడవ కిటికీ దగ్గర నిలబడి ఎవరో విన్నారు. మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఆడపిల్లల తల్లులందరూ నీళ్ల ట్యాంకు దగ్గర చేరారు.

"ఇద్దరాడపిల్లల పెళ్లిలో మగపెళ్లివారు లేకపోతే ఆడపెళ్లివారు మాత్రం ఎందుకుండాలి? అసలు మా పిల్ల మగపిల్లాణ్ణి చేసుకున్నా మేమే ఎందుకు తలుపు తియ్యాలి? ఇద్దరూ సమానమని కోర్టు చెప్పింది కదా!" ఇదీ వాళ్ల వాదన. ఇంత తెలివైన వాదన కోర్టులో లాయర్లకి కూడా తట్టలేదు. సాయంత్రానికి సంఘం పెట్టేశారు. ఆరువందల నలభై సంతకాలు. మా ఊళ్లో మొత్తం ఓట్లే రెండువేలు.

మగవాళ్లని అడిగాను. "మీకేం, మీరు ఆఫీసరు. మేం తలుపు తీస్తే ఇంట్లో మాకు తలుపు తియ్యరండీ" అన్నారు.

శుక్రవారం, పదిన్నర

గుమ్మటంలో ఉన్నాను. అధికారుల చిన్న తలుపులోంచి నేనూ అవధాని గారూ వచ్చాం. పెళ్లి జరిపించే అధికారులు ఏ పక్షమూ కాకూడదు, మేం తలుపు తీస్తే చెల్లదు. యంత్రాన్ని మెళ్లో వేసుకొచ్చాను. ఊరంతా తెరలమీద ఇదే చూస్తోంది.

గుమ్మటానికి ఉత్తరాన ఒక తలుపు, దక్షిణాన ఒక తలుపు. ఒక్కోదాని అవతల ఒక చిన్న గది. చుట్టాలు వచ్చి అందులో నిలబడితే లోపలివాళ్లు తీస్తారు. ప్రస్తుతం లోపలివాళ్లెవరూ లేరు.

పదకొండూ అయిదు

ఉత్తరపు గదిలోకి రాజ్యలక్ష్మి బలగం దిగింది. పట్టుచీరలు, పదహారు మంది. దక్షిణపు గదిలోకి కోటిరత్నం బలగం, పద్ధెనిమిది మంది. అద్దంలోంచి కనిపిస్తున్నారు. అందరూ ఠీవిగా, బరువుగా, ఎవరో ఏదో మర్యాద తక్కువ చేస్తారని ఎదురుచూస్తూ నిలబడ్డారు.

పదకొండూ ఇరవై

ముహూర్తం దాటింది. అవధాని గారు భూమి ఇంకా బాగానే ఉందంటున్నారు.

ఉత్తరపు గది మాటల గొట్టంలోంచి: "ఏమండీ, లోపల మనుషులెవరూ లేరా? వచ్చి పావుగంటయింది. ఈ ఆడపెళ్లివారికి మర్యాద తెలియదా?"

దక్షిణపు గది మాటల గొట్టంలోంచి: "కాఫీ అయినా పంపరేమిటి? మా బావగారికి షుగరు. చక్కెర లేకుండా ఒకటి!"

కాఫీ ఎవరు పెడతారు? వంట ఎవరు చేయించారు? ఎవరూ చేయించలేదు. రెండువైపులా మగపెళ్లివారే అయితే వంటింట్లో పొయ్యెవరు వెలిగిస్తారు! ఖాళీ గుమ్మటంలో నేనూ, అవధాని గారూ, ఒక బుట్టెడు తలంబ్రాలూ ఉన్నాం.

పదకొండున్నర

ఉత్తరపు అద్దం దగ్గర మంజీర వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది. "అమ్మా, ఒక్క తలుపే. నీకు జన్మంతా కాఫీలు నేను పెడతాను." రాజ్యలక్ష్మి కళ్లనిండా నీళ్లు. అయినా తల అడ్డంగానే ఆడిస్తోంది.

దక్షిణపు అద్దానికి సుభాషిణి నుదురు ఆనించి నిలబడింది. టమాటాల బుట్టొకటి కాళ్లదగ్గర పెట్టుకుంది. పెళ్లికి వంట లేదని తెలిసి తెచ్చినట్టుంది. ఈ పిల్లని రేపు పంపేస్తారా? రాసుకో, ఇది కూడా రాసుకో.

పదకొండూ ముప్ఫై అయిదు

చిన్న తలుపులోంచి త్రివిక్రమరావు వచ్చాడు, శాసనం కాపీ పట్టుకుని. పన్నెండు కొట్టగానే తన చేతులమీదుగా నాకు ఇవ్వాలట, అది ఊరంతా చూడాలట. రెండువైపులా అద్దాల్లోకి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏమండీ మాణిక్యాంబ గారూ, నేను శాసనమే చెయ్యక్కర్లేకపోయిందే. వీళ్లే ఆపేసుకున్నారు! అందుకే అంటారు, పెళ్లికి ఒక ఆడవైపూ ఒక మగవైపూ ఉండాలని."

ఒళ్లు మండిపోయింది నాకు. ఈయనకి ఇద్దరూ కొడుకులే. జన్మలో ఒక్క తలుపు తీసిన పాపాన పోలేదు. తీసేవాళ్లుంటేనే కదా ఈయన కూర్చోగలిగింది.

"అధ్యక్షుల వారూ, నేను రాజీనామా చేస్తే ఒప్పుకుంటారా?" అన్నాను.

"నిజమా?" అన్నాడు. మొహం వెలిగిపోయింది. పదేళ్లుగా తన బావమరిదిని ఈ కుర్చీలో కూర్చోబెట్టాలని చూస్తున్నాడు.

రాశాను. ఒకటే వాక్యం. ఇరవై ఆరేళ్లు ఊళ్లో అందరి పెళ్లిళ్లకీ అధికారిని నేను. ఏ ఒక్క పెళ్లికీ మనిషిని కాలేదు. పిల్లల్లేరు, ఆయన పోయి పన్నెండేళ్లయింది, ఈ ఉద్యోగమే నా సంసారం. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయనేమో చదవనైనా చదవకుండా "ఆమోదించడమైనది" అని రాసి, టైము వేసి, సంతకం గిలికేశాడు. పదకొండూ నలభై ఒకటి.

"తమరు ఇప్పుడు రిజిస్ట్రారు కారు" అంది యంత్రం. "ఈ దినచర్య ఇంతటితో

శనివారం, మా ఇంట్లో, కాగితం మీద

ఇది అధికారిక దినచర్య కాదు. అయినా జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

యంత్రాన్ని మెళ్లోంచి తీసి త్రివిక్రమరావు మెళ్లో వేశాను. "రిజిస్ట్రారు పదవి ఖాళీ అయిన క్షణం నుంచి కొత్తవారు వచ్చేదాకా పురాధ్యక్షుడే రిజిస్ట్రారు. ముప్ఫయ్యో నిబంధన. ఇప్పుడు మీరే రిజిస్ట్రారు, నేను మామూలు మనిషిని. పన్నెండులోపు మీ ముందుకి వచ్చిన జంటని కాదంటే కోర్టు ధిక్కారం" అన్నాను.

ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ నోరు ఊరంతా చూసింది.

తలుపు తియ్యడానికి వెళ్లబోయి ఆగిపోయాను. రెండు తలుపులున్నాయి. ముందు ఏది తీస్తే రెండోవాళ్లు అలుగుతారు. అలిగితే మళ్లీ మొదటికొస్తుంది. స్తంభాలకి కట్టిన కాగితం పూలదండలు రెండు ఊడబీకాను. ఒకదాని కొస ఉత్తరపు గడియకి, ఒకదాని కొస దక్షిణపు గడియకి కట్టమని అవధాని గారిని తరిమాను. ఆయన పంచె ఎగ్గట్టి, ఒక్కో అంగకి ఆరడుగులు గెంతుతూ, మంత్రాలో తిట్లో చదువుకుంటూ కట్టొచ్చారు. నేను గుమ్మటం నడిమధ్య నిలబడి రెండు చేతులతో రెండు దండలూ ఒక్క లాగు లాగాను. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి.

"దయచేయండి వదినగారూ, దయచేయండి!" అని అరిచాను. ఇద్దరు వదినగార్లకీ అదే పిలుపు.

గాలి పూచీ పత్రంలో ముప్ఫై నాలుగు తలలకి సంతకం పెట్టాను. "ఏ పక్షం?" అని అడిగాడు త్రివిక్రమరావు, నీరసంగా. "పుట్టింటి పక్షం. ఇద్దరికీను" అని చెప్పాను. కాదనడానికి ఆయనకి నిబంధన దొరకలేదు.

ఒకే బల్లమీద పక్కపక్కన వదినగార్లిద్దర్నీ కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు చెంబులు పట్టుకుని, ఇద్దరి కాళ్లమీదా ఒకేసారి నీళ్లు పోశాను. చంద్రుడిమీద నీళ్లు జారిపడవు. ముద్దగా, మెల్లగా దిగుతాయి, వేళ్లమధ్య కాసేపు ఆగి మరీ పోతాయి.

రాజ్యలక్ష్మి తన పాదాలకేసి చూస్తూ ఉండిపోయింది.

"నీళ్లు ఇంత నెమ్మదిగా పడతాయా మాణిక్యాంబ గారూ? నేను పోసినప్పుడల్లా ఎక్కడ చిరాకు పడతారో అని వాళ్ల మొహాలే చూస్తూ ఉన్నాను. నీళ్లని చూడనే లేదు" అంది.

కోటిరత్నం పక్కకి జరిగి, ఆవిడ భుజంమీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. వాళ్లతో పాటు బల్లవెనక నిలబడ్డ ఆడవాళ్లంతా ఏడ్చారు. అవధాని గారు "అమ్మా, టైమమ్మా, టైము!" అని గగ్గోలు పెడుతున్నారు.

జీలకర్ర బెల్లం పెట్టుకునేసరికి పదకొండూ యాభై మూడు. తలంబ్రాలు పోసుకున్నారు. పోసిన బియ్యం పైకి లేచి, నెత్తిన పడదామా వద్దా అన్నట్టు ఊగుతూ దిగుతోంది. మంజీర పైకెగిరి గాల్లోనే పట్టుకుని మళ్లీ పోసింది, పెంకిపిల్ల. పదకొండూ యాభై ఏడు. త్రివిక్రమరావు కలం పట్టుకుని గుమ్మటం గోడమీది తెరలో తల్లుల సంఘం వైపు చూశాడు. ఆరువందల నలభై మంది తల్లులు ఆయన్నే చూస్తున్నారు. చెవిలో ఫోన్లోంచి వాళ్ల పార్టీవాడెవడో చెబుతున్నాడు, "సార్, పెట్టెయ్యండి సార్, ఎన్నికలు సార్" అని. మాకూ వినిపించింది.

పెట్టాడు. పదకొండూ యాభై ఎనిమిది.

పన్నెండింటికి శాసనం అమల్లోకి వచ్చింది. పన్నెండున్నరకి తల్లుల సంఘం పురసభ గుమ్మంలో కూర్చుంది. నాలుగింటికి శాసనం వాపసు తీసుకున్నారు. అయిదింటికి పోస్టర్లు వెలిశాయి. "నెలవంకపేటలో తొలి సమాన వివాహం జరిపించిన మహానుభావుడు, మన త్రివిక్రమరావు!" అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, అదీ. ప్రతిపక్షంవాడు ఈ ఆలోచన మొదట తనకే వచ్చిందంటున్నాడు. తల్లుల సంఘం ఇద్దర్నీ కాదని సొంతంగా ఎన్నికల్లో నిలబడుతోంది. వాళ్ల గుర్తు కాఫీ గ్లాసు.

పెళ్లి భోజనం టమాటాలు. పచ్చివి కోసుకుని, ఉప్పద్దుకుని తిన్నాం. త్రివిక్రమరావు కూడా నాలుగు తిన్నాడు. ఉప్పు తక్కువైందని నోరు తెరవబోయి, కోటిరత్నం మొహం చూసి మూసుకున్నాడు.

ఇవాళ పొద్దున్న ఓడ వెళ్లిపోయింది, సుభాషిణికి కేటాయించిన పదకొండో నంబరు సీటు ఖాళీగా. నేను కిటికీలోంచి చూశాను. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్లడానికి ఆఫీసు లేదు, ఊడవడానికి గుమ్మం లేదు. మా ఇంటి గుమ్మమే రెండుసార్లు ఊడ్చాను.

ఇందాక తలుపు కొట్టారు. తీస్తే మంజీర, సుభాషిణి. చెరో పెట్టె.

"ఏమర్రా, ఎక్కడికి ప్రయాణం?" అన్నాను. ఒక్క క్షణం భయం వేసింది నాకు, ఓడ వెళ్లిపోయిందని తెలిసి కూడా.

"మూడు నిద్దర్లకి" అంది మంజీర. "పెళ్లయ్యాక పుట్టింట్లో మూడు రాత్రులు పడుకోవాలట కదా. మా అమ్మ రావద్దంది, తను మగపెళ్లివారట. సుభాషిణి పెద్దమ్మ కూడా అదే మాట. మీ పుట్టిల్లు మాణిక్యాంబ గారిల్లే, పొండి అన్నారు."

నా ఇంట్లో ఒకటే మంచం, రెండు పళ్లేలు. పన్నెండేళ్లుగా రెండో పళ్లెం కడిగిన గుర్తు లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయాను.

సుభాషిణి పెట్టె కింద పెట్టి, నన్ను పక్కకి తప్పించుకుని లోపలికి వెళ్లి, వంటింట్లోంచి కేకేసింది.

"అమ్మా, ఆకలేస్తోంది. ఏం కూర చేశావు?"